పాదరసం, ప్లాటినం తీగ, రిలే: ప్రయోగశాల ఉష్ణోగ్రత నియంత్రకం – చారిత్రక పరిశీలన

రసాయనశాస్త్ర చరిత్రను సిద్ధాంతాల వరుసగా చదవడం పరిపాటి. ఆ సిద్ధాంతాలకు ఆధారమైన కొలతలు ఏ పరికరాల వల్ల సాధ్యమయ్యాయన్న ప్రశ్న తరచుగా వెనుకబడుతుంది. భౌతిక రసాయనశాస్త్రం విషయంలో దీనికి సమాధానం, ప్రయోగశాలలోనే తక్కువ ఖర్చుతో తయారుచేసుకోగలిగిన ఉష్ణోగ్రత నియంత్రకంలో చాలావరకు లభిస్తుంది.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యావేగం సుమారు రెండు మూడు రెట్లవుతుందని 1884లో వాంట్ హాఫ్ పేర్కొన్నాడు. ఈ లెక్కన ఒక్క డిగ్రీ తేడా వేగాన్ని 7 నుంచి 12 శాతం వరకు మారుస్తుంది. కాబట్టి గంటల తరబడి సాగే ప్రయోగంలో ఉష్ణోగ్రత నిలకడగా లేకపోతే, వచ్చిన ఫలితంలో రసాయన చర్య పాలెంతో గది వాతావరణం పాలెంతో తేల్చలేము.

1887లో లైప్‌జిగ్‌లో ఆచార్యపదవి చేపట్టిన ఓస్ట్‌వాల్డ్ గ్యాసు మంటతో వేడిచేసే నీటితొట్టిని వాడుకలోకి తెచ్చాడు. తొట్టిలో ఉంచిన గొట్టంలోని ద్రవం వ్యాకోచించి, పాదరసాన్ని నెట్టి, గ్యాసు మార్గాన్ని కుదించేది. 1893లో వెలువరించిన ప్రయోగ దీపికలో ఆయన గాజుపనిని కూడా బోధించాడు. పరికరం చేసుకోవడం పరిశోధకుని విద్యలో భాగమైంది.

గ్యాసు స్థానంలో విద్యుత్తు వచ్చాక కొత్త చిక్కు ఎదురైంది. టోల్యూన్ వ్యాకోచంతో పైకి లేచిన పాదరసం ప్లాటినం తీగను తాకినప్పుడు వేడి ఆగాలి. కాని ఆ స్పర్శ విడిపోయే ప్రతిసారీ నిప్పురవ్వ పుట్టి, పాదరసం ఉపరితలం ఆక్సీకరణం చెంది మలినమయ్యేది. దానితో నియంత్రణ గతి తప్పేది. పరిష్కారంగా బ్యాటరీ నుంచి వచ్చే స్వల్ప విద్యుత్తును మాత్రమే పాదరసం గుండా పంపి, దానితో విద్యుదయస్కాంత రిలేను నడిపారు. హీటరుకు పోయే అధిక విద్యుత్తును రిలే తెంచేది, కలిపేది. హీటరుగా మామూలు విద్యుద్దీపాలే సరిపోయేవి. తరువాత శూన్యనాళికలు వచ్చి స్పర్శవిద్యుత్తును అత్యల్పం చేశాయి.

అయినా వేడి పూర్తిగా పెట్టడం, పూర్తిగా ఆపడం వల్ల ఉష్ణోగ్రత అటూఇటూ ఊగేది. 1897లో ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త లూయీ గూయీ ప్లాటినం తీగను నిర్ణీత వ్యవధిలో పైకీ కిందికీ కదిలించాడు. పాదరసమట్టాన్ని బట్టి స్పర్శకాలం మారి, వేడి అవసరానికి తగిన మోతాదులో అందింది.

ఈ పరిణామం ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఇక్కడ ఖచ్చితత్వం ఖరీదు వల్ల రాలేదు. గుర్తించే పనినీ శక్తిని మోసే పనినీ వేరుచేయడం వల్ల వచ్చింది. స్థిరాంకాల పట్టికల్లో 25 డిగ్రీలని నిశ్చయంగా రాయగలగడం వెనుక ఈ సామాన్య పరికరాల శ్రమ ఉంది. రసాయనశాస్త్ర చరిత్ర రచనలో దానికి తగిన స్థానం దక్కవలసి ఉంది.