దారి బత్తెం

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ వెళ్లి, 1831 సెప్టెంబర్ 3న మళ్లీ చెన్నపట్నం చేరుకున్నాడు. పోయేటప్పుడు తిరుపతి, కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, పూరీ చూసుకుని, తీరం వెంబడి విశాఖపట్నం, రాజమండ్రి, నెల్లూరు మీదుగా ఇంటికి. దారి పొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి రాసి పంపినదే ‘కాశీయాత్ర చరిత్ర’. 1838లో పిళ్లె దాన్ని అచ్చువేయించేనాటికి వీరాస్వామయ్య లేడు.

ఆయన్ని తొలి తెలుగు బ్యాక్‌ప్యాకర్ అనాలని ఎవరికైనా సరదా పుడుతుంది. నాకూ పుట్టింది. కానీ ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో పెద్ద ఇంటర్‌ప్రిటర్. వెంట తల్లి, భార్య, నౌకర్లు, బోయీలు, డేరాలు మోసేవాళ్లు కలిపి సుమారు వందమంది. బ్యాక్ మీద ప్యాక్ ఉన్నది ఆయనకి కాదు, కావడివాళ్లకి. తక్కువ ఖర్చుతో ఊళ్లు తిరిగిన మనిషి కోసం ఆ పుస్తకం తెరిస్తే మాత్రం నిరాశే. అయితే తక్కువ ఖర్చుతో తిరిగేవాళ్లకి కావలసిన సమాచారమంతా అందులో ఉంది. ఈ మజిలీ నుంచి ఆ మజిలీకి ఎంత దూరం, ఊళ్లో అంగళ్లున్నాయా, నీళ్లు మంచివా, దిగడానికి చోటుందా, వాగు దాటడం ఎలా. భక్తి కోసం చదివేవాళ్లు ఈ పేజీలు గబగబా తిప్పేస్తారు. పుస్తకానికి ప్రాణం అక్కడే ఉందని నా అభిప్రాయం. తన తర్వాత ఈ దారిన ఎవరో వస్తారు, వాళ్లకి పనికొస్తుంది అనుకుని రాసిన మనిషి రాత అది.

యూరప్ హాస్టళ్లలో పదహారు మంచాల డార్మ్‌లో పడుకుని, సూపర్‌మార్కెట్ బ్రెడ్డుతో పూట గడిపి వచ్చిన మా తరం వాళ్లు తిరిగొచ్చాక చెప్పే కథ ఎప్పుడూ ఒకటే. ముక్కూమొహం తెలీనివాళ్లు ఎంత మంచివాళ్లో అని. దారి తప్పితే బస్టాపు దాకా నడిచొచ్చిన ముసలాయన, టికెట్టు మెషీన్ దగ్గర చిల్లర ఇచ్చిన ఆవిడ. నేనూ చెప్పాను ఇలాంటివి. అబద్ధాలేం కావు. కాకపోతే ఆ ముసలాయన్ని కలవాలంటే ముందు వీసా రావాలి. వీసా కోసం బ్యాంక్ స్టేట్‌మెంట్, జీతం స్లిప్పులు, ఇన్సూరెన్సు, తిరుగు టికెట్టు కట్టగట్టి ఇవ్వాలి. అంటే నేను పేదవాణ్ణి కాదని కాగితాల మీద రుజువు చేసుకున్నాకే అక్కడ పేదవాడిలా తిరిగాను. వీరాస్వామయ్య హోదా ఆయనకి చేసిన పని కూడా దాదాపు ఇదే. కోర్టు ఉద్యోగం, ఇంగ్లీషు, కంపెనీ దొరలతో పరిచయం. తలుపులు ముందు వీటికి తెరుచుకునేవి, ఆ తర్వాతే ఆయన మంచితనానికి.

మంచి అపరిచితుడు అన్న మాటకి ఆ కాలంలో ఇంకో అర్థం కూడా ఉంది. వీరాస్వామయ్య జబల్పూరు వైపు వెళ్లిన 1830లోనే అక్కడ స్లీమన్ అనే కంపెనీ అధికారి థగ్గుల వేట మొదలుపెట్టాడు. అతని లెక్క ప్రకారం థగ్గు పద్ధతంతా మంచితనమే. దారిలో కలుస్తాడు, కబుర్లు చెబుతాడు, కలిసి వండుకుందాం అంటాడు, నమ్మకం కుదిరాక ఒక రాత్రి మెడకి గుడ్డ బిగిస్తాడు. ఇందులో నిజమెంత, కంపెనీ ఊహ ఎంత అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, చట్టం మాత్రం వచ్చింది. 1836లో థగ్గుల ముఠాకి చెందినవాడని తేలితే చాలు, యావజ్జీవ శిక్ష. ప్రత్యేకంగా ఫలానా నేరం చేశాడని చూపించనక్కర్లేదు. ఆ ఆలోచనే పెరిగి 1871లో నేరస్థ జాతుల చట్టమైంది. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. దాని సంగతి మళ్లీ చెప్తాను.

సత్రాల దగ్గరికి వద్దాం. మద్రాసు నుంచి నెల్లూరు వైపు వెళ్లే పాత దారిలో ఆతిథ్యం అంటే ఎవరికో ఆ పూట కలిగిన జాలి మాత్రమే కాదు, అదొక ఏర్పాటు. ఎవరో కోమటి సెట్టిగారో జమీందారో సత్రం కట్టిస్తాడు, దాని ఖర్చుకి ఇనాం భూమి రాసిస్తాడు. బావి, చెట్లు, ఎండాకాలం చలివేంద్రం. ఇచ్చినవాడు చచ్చి వందేళ్లయినా దారినపోయేవాడికి పూట గడుస్తుంది. నేను రోజూ చేసే ఉద్యోగంలో దీన్ని ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అంటాం. మనిషి మూడ్‌తో సంబంధం లేకుండా పనిచెయ్యాలి అన్నదే దాని సూత్రం.

ఆ ఏర్పాటు మనిషి మూడ్ చూడదు గానీ కులం చూస్తుంది. చాలా సత్రాల్లో వండిన భోజనం బ్రాహ్మలకి. కొన్ని కులాలకి సదావర్తి, అంటే బియ్యం, పప్పు, ఉప్పు లాంటివి కొలిచి ఇస్తారు, బయట పొయ్యి పెట్టుకోవాలి. కొందరికి అరుగు మీద కూడా చోటుండదు. తెల్లవాళ్ల కోసం కంపెనీ వేరే బంగళాలు కట్టింది. ఇంకోలా నడిపినవాళ్లు లేకపోలేదు. తంజావూరు రాజు శరభోజి 1801లో కంపెనీ రెసిడెంటుకి రాసిన ఉత్తరంలో తమ సత్రాల్లో బ్రాహ్మణుడి నుంచి పరయ దాకా అందరికీ అన్నం పెడతామని చెప్పుకున్నాడు. ప్రత్యేకించి చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే మిగతాచోట్ల సంగతి అర్థమవుతుంది.

వీరాస్వామయ్య ఇల్లు చేరిన మరుసటేడు నందన నామ సంవత్సరం. వానల్లేవు. 1832-33లో గుంటూరు సీమలో వచ్చిన కరువుని జనం నందన కరువన్నారు. ఆ జిల్లా జనాభా సుమారు ఐదు లక్షలైతే అందులో రెండు లక్షలమంది దాకా పోయారని అంచనా. బతికున్నవాళ్లు దారులు పట్టారు. చాలామంది ఒంగోలు, నెల్లూరు మీదుగా దక్షిణానికి, చెన్నపట్నం వైపు నడిచారు.

అంటే వీరాస్వామయ్య తిరిగొచ్చిన దారే. రెండేళ్లు కూడా తేడా లేదు. ఆయన పల్లకీలో దాటిన వాగుల్నే వీళ్లు పిల్లల్ని ఎత్తుకుని దాటారు. బడ్జెట్ లేని ప్రయాణం, పూర్తిగా అపరిచితుల దయ మీద ఆధారపడిన ప్రయాణం అని ఏదైనా ఉంటే అది ఇదే. దారిలో ఎన్ని సత్రాలున్నా, అవి వేలమంది కోసం కట్టినవి కావు, అందులోనూ ఈ వేలమంది కోసం అసలే కావు. శవాలు తీసే మనిషి లేక రోడ్ల పక్కనే ఉండిపోయాయని అప్పటి కంపెనీ రాతలు చెబుతాయి. బ్రిటిష్ ప్రభుత్వం చాలా ఆలస్యంగా కదిలింది. దొరతనం వాళ్ల లెక్కలో ధాన్యం వ్యాపారంలో వేలు పెట్టకపోవడమే మంచి పాలన.

చెన్నపట్నం చేరినవాళ్లకి గంజి పోసినవాళ్లలో వీరాస్వామయ్య ఒకడు. పదిహేను నెలలు అన్నం ఎక్కడ దొరుకుతుంది, నీళ్లెక్కడ దొరుకుతాయి అని ప్రతి ఊళ్లోనూ విచారించి రాసుకున్న మనిషి, ఇప్పుడు ఆ ప్రశ్నతో ఊళ్లోకి వచ్చినవాళ్లకి ఎదురుపడ్డాడు. ఆ పూటకి ఆయనే అపరిచితుడు. కాశీ వెళ్లిన పుణ్యం, ఆ సాహసం, వీటి గురించి మనవాళ్లు బాగానే రాశారు. దిగవల్లి వేంకట శివరావు 1941లో ఆ పుస్తకాన్ని వివరమైన పరిచయంతో మళ్లీ అచ్చుకి తెచ్చారు, అది లేకపోతే మనలో సగంమందికి వీరాస్వామయ్య పేరే తెలిసేది కాదు. కానీ యాత్రా సాహిత్యం గురించి మాట్లాడేటప్పుడు కరువులో నడిచినవాళ్లని ఎవరూ యాత్రికులుగా లెక్కపెట్టరు. ఈ రోజుల్లో దేశాలన్నీ కాలినడకన తిరిగి ‘భ్రమణ కాంక్ష’ రాసిన ఆదినారాయణ గారిని చదివి, నడకంటే స్వేచ్ఛ అని మురిసిపోతాం. నేనూ మురిసిపోయాను. నడక స్వేచ్ఛ కాని నడకలు ఇదే రోడ్డు మీద ఎన్ని జరిగాయో!

మళ్లీ 1876-78లో ధాత కరువు. ఈసారి ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. అప్పటికే ముక్కలు ముక్కలుగా ఉన్న ఉప్పునీటి కాలువని కలిపించింది. గవర్నరు పేరుతో అది బకింగ్‌హామ్ కాలువయ్యింది. పులికాట్ సరస్సుని, అంటే ప్రళయకావేరిని, దాటుకుంటూ పడవలు నెల్లూరుకీ మద్రాసుకీ తిరిగాయి. శ్రీహరికోట దీవి నుంచి కట్టెలు మద్రాసు పొయ్యిల్లోకి ఆ నీటిదారినే వెళ్లాయి. కూలికి మట్టి తవ్వినవాళ్లు కట్టిన దారి అది. 1960ల తుపానుల తర్వాత పాడుబడింది. ఆ సరస్సు దీవుల మాట, తిండి, మనుషులు ఎలా ఉండేవారో తెలుసుకోవాలంటే స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ చదవండి. ఇక్కడ నేను చెప్పలేనిదంతా అందులో ఉంది.

ఆ దీవి అడవిలో ఉన్నవాళ్లు యానాదులు. తేనె, దుంపలు, బట్టలకి ఎర్రరంగునిచ్చే చిరివేరు తవ్వి ఇస్తే బదులుగా తిండిగింజలు. బయటివాళ్లకి అడవిలో దారి చూపించాలన్నా, పాముకాటుకి మందు చెప్పాలన్నా వాళ్లే. దయగల అపరిచితుల జాబితా ఎవరైనా రాస్తే మొదటి వరసలో ఉండాల్సినవాళ్లు. ఇందాక చెప్తానన్న చట్టం నెల్లూరు జిల్లా యానాదుల్లో కొన్ని గుంపుల్ని నేరస్థుల జాబితాలో పెట్టింది. పేరు రాయించుకోవాలి, పోలీసు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. తిరగడమే నేరం. వాళ్ల కోసం వెన్నెలకంటి రాఘవయ్య సంఘం పెట్టి ఏళ్ల తరబడి పోట్లాడారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో గానీ పోలేదు. తరవాత 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటని ఎంచుకున్నారు. దీవిలోని చాలా కుటుంబాల్ని బయటికి పంపారు. 1971 అక్టోబర్‌లో మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది.

రాకెట్టంటే నాకు పిచ్చి, దాని మీద ఫిర్యాదేం లేదు. కిందటిసారి ప్రయోగం చూద్దామని వెళ్లినప్పుడు సూళ్లూరుపేటలో లాడ్జిలన్నీ నిండిపోయాయి. టిఫిన్ అంగడి పెద్దాయన, “యాడికి పోతారు నాయనా ఈ రాత్రిపూట, బెంచీలు కలుపుకోని పొణుకోండి” అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. పొద్దున్నే ఇడ్లీలకి మాత్రం లెక్కగా తీసుకున్నాడు. మేం నలుగురం, చేతుల్లో ల్యాప్‌టాప్ బ్యాగులు, మాట తీరు చూస్తేనే ఏ రకం మనుషులమో తెలిసిపోతుంది. అదే అంగడి పక్కన సంచులు తలకింద పెట్టుకుని ఇంకో కుటుంబం పడుకుని ఉంది, పిల్లలతో సహా. వాళ్లకి బెంచీలు వెయ్యలేదు. అడిగితే, “వాళ్లు పనులకి వచ్చినోళ్లు, వాళ్లకి అలవాటే” అన్నాడు, మాకు చెప్పినంత మెత్తగానే.

తెల్లారి సరస్సు మధ్య రోడ్డు మీద నుంచి గేటు దాకా వెళ్లాం. రెండు పక్కలా నీళ్లు, దూరంగా ఫ్లమింగోలు. గ్యాలరీకి ముందే పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు చూపించాలి. చూపించాం, లోపలికి పంపారు.