మెల్విన్స్: స్లోగా వాయించి 40 ఏళ్లు నిలబడ్డ బ్యాండ్

ఈ ఎపిసోడ్‌లో మెల్విన్స్ అనే బ్యాండ్ హిస్టరీ చూద్దాం. మీలో చాలామంది ఈ పేరు విని ఉండరు. కానీ నిర్వాణా తెలుసు కదా, కనీసం ఆ స్మైలీ టీషర్ట్ అయినా చూసుంటారు. ఆ నిర్వాణా కుర్రాళ్లు చిన్నప్పుడు ఎవరి ప్రాక్టీస్ చూడ్డానికి వెళ్లేవాళ్లో, ఆ బ్యాండ్ ఇది. నిర్వాణా 1994లో ఆగిపోయింది. మెల్విన్స్ 40 ఏళ్లు దాటినా ఆగలేదు. ఎలా?

అమెరికా పశ్చిమ తీరంలో, సియాటిల్ ఉండే వాషింగ్టన్ రాష్ట్రంలో మాంటెసానో, అబర్డీన్ అని దగ్గర దగ్గరగా రెండు చిన్న ఊళ్లున్నాయి. అడవులు, వానలు, కలప మిల్లులు, అంతే. 1983లో అక్కడ బజ్ ఆస్బోర్న్ ఇద్దరు ఫ్రెండ్స్‌తో బ్యాండ్ పెట్టాడు. మరుసటి ఏడాది డ్రమ్మర్‌గా డేల్ క్రోవర్ వచ్చాడు. ప్రాక్టీస్ డేల్ వాళ్ల అమ్మానాన్నల ఇంట్లో, వెనక గదిలో.

అప్పట్లో పంక్ అంటే స్పీడు. పాట ఒకటి రెండు నిమిషాల్లో అయిపోవాలి. మెల్విన్స్ కూడా మొదట అలాగే వాయించారు. 1984లో బ్లాక్ ఫ్లాగ్ అనే బ్యాండ్ 'మై వార్' ఆల్బమ్ తెచ్చింది. దాని రెండో వైపు మూడే పాటలు, ఒక్కోటి ఆరు నిమిషాల పైన, నత్తనడక. స్పీడ్ కోసం వచ్చిన ఫ్యాన్స్‌కి అది మింగుడుపడలేదు. మెల్విన్స్ మాత్రం ఆ దారే పట్టుకున్నారు.

గిటార్ తీగలు వదులు చేసి శ్రుతి కిందికి దించారు, సౌండ్ గరగరలాడేలా చేశారు, వేగం బాగా తగ్గించారు. బురదలో దిగిన లారీని లాగుతున్నట్టు ఉంటుంది. తర్వాత ఈ స్టైల్‌కి స్లడ్జ్ మెటల్ అని పేరొచ్చింది, అంటే మడ్డి లాంటి మెటల్ అన్నమాట. స్లో అంటే ఈజీ అనుకోకండి. రెండు దెబ్బల మధ్య గ్యాప్ ఎక్కువ కాబట్టి ఒక్కరు తొందరపడినా వెంటనే తెలిసిపోతుంది.

కర్ట్ కొబేన్ వీళ్ల ఫ్యాన్, ఫ్రెండ్. 1988 జనవరిలో నిర్వాణా చేసిన డెమోలో డ్రమ్స్ కొట్టింది డేల్. తర్వాత డేవ్ గ్రోల్‌ని నిర్వాణాకి పరిచయం చేసింది బజ్.

1991లో 'నెవర్‌మైండ్' పేలింది. పెద్ద కంపెనీలన్నీ ఇంకో నిర్వాణా కోసం వేట మొదలుపెట్టాయి. మెల్విన్స్‌ని అట్లాంటిక్ రికార్డ్స్ తీసుకుంది. 1993లో 'హౌడినీ', 1994లో 'స్టోనర్ విచ్', 1996లో 'స్టాగ్'. పెద్ద లేబుల్ డీల్‌లో కంపెనీ ముందుగా అడ్వాన్స్ ఇస్తుంది, అది రాయల్టీలోంచి కట్ అవుతుంది. ఆ అడ్వాన్స్ తీరేదాకా ఆర్టిస్ట్ చేతికి రాయల్టీ రాదు. అంటే ఆ లెక్కలో నెగ్గాలంటే ఆల్బమ్ లక్షల్లో అమ్ముడవాలి. మెల్విన్స్ మ్యూజిక్ అలా అమ్ముడయ్యేది కాదు. 'స్టాగ్' తర్వాత కంపెనీ వదిలేసింది.

చాలా బ్యాండ్లు అక్కడితో అయిపోతాయి. నాకు బాగా నచ్చిన పాయింట్ ఇక్కడే ఉంది. అట్లాంటిక్‌లో ఉండగానే, 1994లో, వీళ్లు యాంఫెటమిన్ రెప్టైల్ అనే చిన్న నాయిస్ రాక్ లేబుల్‌లో 'ప్రిక్' అనే రికార్డు తెచ్చారు. కాంట్రాక్ట్ అడ్డొస్తుందని కవర్ మీద బ్యాండ్ పేరు అద్దంలో కనిపించినట్టు తిరగేసి వేశారు! పెద్ద ఆఫీసులో కూర్చున్నా చిన్న దుకాణం తలుపు మూయలేదు. అందుకే 1997లో 'హాంకీ' మళ్లీ ఆ లేబుల్‌లోనే వచ్చింది. 1999లో మైక్ ప్యాటన్, గ్రెగ్ వర్క్‌మన్ ఇపెకాక్ రికార్డింగ్స్ పెట్టాక అక్కడ వరసగా మూడు ఆల్బమ్‌లు తెచ్చారు.

ఇందులో కష్టం కూడా ఉంది. బేస్ వాయించేవాళ్లు ఎంతోమంది మారారు, బజ్, డేల్ ఇద్దరే మిగిలారు. రోడ్డు మీద బతకాలి. 2012లో 51 రోజుల్లో 51 షోలు చేశారు, 50 రాష్ట్రాలు ప్లస్ వాషింగ్టన్ డీసీ, అలాస్కాలో మొదలుపెట్టి హవాయిలో ముగించారు.

నేను ఐటీలో ఉన్నప్పుడు ఏ ఐడియాకైనా మొదటి ప్రశ్న "స్కేల్ అవుతుందా?" అనే. ఇప్పుడు ఛానెల్ పెట్టాక వ్యూస్ గ్రాఫ్ కూడా నన్ను అదే అడుగుతోంది. మెల్విన్స్ ఖర్చుని తమ సైజులో ఉంచుకున్నారు, నచ్చిందే వాయించారు. పని మానకుండా ఉండటానికి ఎంత కావాలి అనే లెక్క నేర్చుకోవాల్సింది వీళ్ల దగ్గరే అని నాకనిపిస్తుంది.

మొదట 'హౌడినీ' వినండి. 'ప్రిక్' తర్వాత, వాల్యూమ్ తగ్గించి. మీకు ఏ పాట పట్టిందో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.