కెనడా ఉత్తర ప్రాంతంలో ఉపగ్రహ ప్రసారాలు

కెనడా ఉత్తర సీమలో, ముఖ్యంగా ఇన్యూట్ ప్రజల ఊళ్లలో, ఉపగ్రహాల ద్వారా సాగే టెలివిజన్, ప్రత్యక్ష ప్రసారాల చరిత్ర ఇది. నునావుట్‌లోని 25 ఊళ్లలో ఏ రెండింటి మధ్యా రోడ్డు లేదు. విమానం, వేసవిలో ఓడ, ఆకాశంలో ఉపగ్రహం తప్ప బయటి ప్రపంచంతో సంబంధానికి మరో దారి లేని ప్రాంతం ఇది.

తరతరాలుగా కుక్కబండ్ల మీద, ఓడల్లో వెళ్లిన కబురు 20వ శతాబ్దంలో షార్ట్‌వేవ్ రేడియోకెక్కింది. 1958లో కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీలో ఉత్తర విభాగం ఏర్పడింది. 1967 నుంచి రోజుకు నాలుగు గంటల టీవీ కార్యక్రమాలు టేపుల రూపంలో విమానాల్లో ఊరి నుంచి ఊరికి తిరిగేవి. మొదట అందుకున్నది యెల్లోనైఫ్.

1969లో పార్లమెంటు చట్టంతో టెలిశాట్ అనే ఉపగ్రహ సంస్థ పుట్టింది. సోవియట్ యూనియన్ అప్పటికే మోల్నియా ఉపగ్రహాలతో సైబీరియాకు టీవీ అందిస్తోంది. అవి ఆకాశంలో కదులుతూ ఉంటాయి కనుక వాటి వెంట యాంటెన్నాలనూ తిప్పుతుండాలి. కెనడా మాత్రం భూమధ్యరేఖ పైన, నేల నుంచి చూస్తే ఉపగ్రహం కదలనట్టు కనిపించే భూస్థిర కక్ష్యను ఎంచుకుంది. 1972 నవంబరులో ఎగిరిన అనిక్ ఎ1, ఒక దేశం తన సొంత అవసరాలకు ఆ కక్ష్యలో నిలిపిన మొదటి సమాచార ఉపగ్రహం. మరుసటి ఏడాదే ఉత్తరాదికి టీవీ ప్రత్యక్షంగా చేరింది. అయితే వచ్చినవన్నీ దక్షిణాది నగరాల్లో తయారైన ఇంగ్లిష్, ఫ్రెంచ్ కార్యక్రమాలే.

దీనికి ఇగ్లూలిక్ అనే ఇన్యూట్ ఊరు ఇచ్చిన జవాబు ఈ చరిత్రలో చిరస్మరణీయం. తమ భాషలో ఏమీ లేని టీవీ తమకు అక్కర్లేదని ఆ ఊరు 1975లో, మళ్లీ 1979లో ఓటు వేసి తిరస్కరించింది. ఇన్యూట్ల భాష అయిన ఇనుక్టిటుట్‌లో కార్యక్రమాలు మొదలయ్యాకే ఒప్పుకుంది.

ఇదే కాలంలో, పొరుగున ఉన్న అలాస్కా పల్లెల్లో వైద్య, విద్యా ప్రయోగాలకు వాడిన అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ను 1975లో తూర్పుకు జరిపి, ‘సైట్’ అనే టీవీ ప్రయోగ పథకం కింద భారతదేశంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల పల్లెలకు ఏడాది పాటు టీవీ చూపించారు. తెలుగు పల్లెలు, ధ్రువ ప్రాంతపు పల్లెలు ఒకే ఉపగ్రహం కిందికి వచ్చిన సందర్భం అది.

1978 డిసెంబరులో ఎగిరిన అనిక్ బి మీద ఇన్యూట్ సంఘం ‘ఇనుక్షుక్’ అనే ప్రయోగం చేపట్టింది. నేటి ఇకాలుయిట్ నుంచి దృశ్యం వెలువడేది. మిగతా అయిదు ఊళ్ల వారు దాన్ని చూస్తూ, మాట మాత్రం తిరిగి పంపేవారు. బేకర్ లేక్‌లో ఒకరు అడిగిన ప్రశ్న పాండ్ ఇన్లెట్‌లోనూ వినపడేది. వందల కిలోమీటర్ల దూరాన ఉన్నవారు సొంత భాషలో ఒకే సభలో కూర్చోగలిగారు. ఆ అనుభవంతోనే ఇన్యూట్ ప్రసార సంస్థ ఏర్పడి 1982 జనవరిలో ప్రసారాలు ప్రారంభించింది. 1983లో ప్రభుత్వం ఆదివాసీ ప్రసార సంస్థలకు నాలుగేళ్లకు సుమారు 4 కోట్ల డాలర్లు కేటాయించింది. అయినా సీబీసీ ఛానల్లో వీరికి దక్కింది మిగులు వేళలే, తరచు అర్ధరాత్రి వేళ. సొంత ఛానల్ టీవీఎన్‌సీ 1992లో వచ్చింది. 1999 సెప్టెంబరులో అది జాతీయ ఛానల్ ఏపీటీఎన్ అయింది.

ఉపగ్రహాల మీదే ఆధారపడితే ఏమవుతుందో 1994 జనవరిలో తెలిసింది. అంతరిక్ష వాతావరణ అలజడికి రెండు అనిక్ ఉపగ్రహాలు అదుపు తప్పి ఉత్తరాది ఊళ్లలో టీవీ ఆగిపోయింది. ఒకటి కొన్ని గంటల్లో దారికొచ్చింది. రెండోదానికి నెలలు పట్టింది.

స్టూడియో బయటి నుంచి ప్రత్యక్ష ప్రసారం చేయడం ఇక్కడ మరీ కష్టం. ప్రసార పరికరాలు మోసే ఓబీ వ్యాను వెళ్లే దారి లేదు కనుక ముక్కలుగా విడదీసిన డిష్షును పెట్టెల్లో సర్ది చిన్న విమానంలో తీసుకెళ్తారు. హైదరాబాదులో డిష్షు దాదాపు 70 డిగ్రీల ఎత్తుకు చూస్తే, ఇగ్లూలిక్‌లో 12 డిగ్రీలకు మించదు, మరింత ఉత్తరాన ఉన్న గ్రైస్ ఫియర్డ్‌లో అయిదే. చిన్న కొండ అడ్డొచ్చినా సంకేతం పోతుంది. అయస్కాంత ధ్రువం చాలాకాలం కెనడా ఉత్తర ద్వీపాల మధ్యే ఉండడంతో దిక్సూచినీ నమ్మలేం. బ్యాటరీలను కోటు లోపల ఒంటి వెచ్చదనంలో దాచుకుంటారు. చలిలోంచి కెమెరాను నేరుగా గదిలోకి తెస్తే లెన్సు మీద తేమ పట్టేస్తుంది.

ఈ పరిస్థితుల్లోనే ఇన్యూట్ ప్రసార సంస్థలో పనిచేసిన ఇగ్లూలిక్ వాసి జకారియస్ కునుక్, తాను చెక్కిన శిల్పాలు అమ్మి 1981లో వీడియో కెమెరా కొన్నారు. ఆయన తీసిన ‘అటనార్జువాట్’ సినిమా 2001లో కాన్ ఉత్సవంలో కెమెరా డోర్ పురస్కారం గెలిచింది.

2020 తర్వాత ధ్రువాల మీదుగా తిరిగే తక్కువ ఎత్తు ఉపగ్రహాలు డిష్షు కోణం సమస్యను చాలావరకు తగ్గించాయి. 2021 జనవరిలో, పూర్తిగా ఇన్యూట్ భాషలో నడిచే తొలి ఛానల్ ఉవాగుట్ టీవీ ప్రసారాలు మొదలయ్యాయి.