దసరా సెలవులు – వీధిబడి బాలలు: ఒక సామాజిక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగు ప్రాంతాల వీధిబడుల చరిత్రలో దసరా ఊరేగింపునకు ప్రత్యేకస్థానం ఉంది. నవరాత్రులలో పంతులు వెంట పిల్లలు రంగుకాగితాలు అతికించిన విల్లంబులు చేతబట్టి, పద్యాలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవారు. విల్లంబుల్లో నింపిన పూలరేకులనో, బుక్కా గులాలునో ఇంటివారిపై చల్లేవారు. గృహస్థులు పంతులుకు యథాశక్తి దక్షిణ సమర్పించేవారు. పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. బాల్యస్మృతులలో ఇది ముచ్చటైన వేడుకగానే సాధారణంగా కనిపిస్తుంది. అయితే ఒకే గడపలో దక్షిణ ఒకరి చేతిలో, పప్పుబెల్లాలు మరొకరి దోసిట్లో పడడం గమనార్హం. ఈ వేడుక ఉపాధ్యాయుని జీవనభృతిలో భాగమనీ, దానిని సేకరించే శ్రమలో పిల్లలూ పాలుపంచుకున్నారనీ నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

2. ఉపాధ్యాయుని రాబడి

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలను సేకరించవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. వచ్చిన నివేదికలను సమీక్షిస్తూ 1826 మార్చి 10న రాసిన మినిట్‌లో, ఉపాధ్యాయులు సాధారణంగా నెలకు ఆరేడు రూపాయలకు మించి సంపాదించడం లేదనీ, ఆ మొత్తానికి తగిన అర్హత గలవారు ఈ వృత్తిలోకి రారనీ పేర్కొన్నాడు. తాలూకా స్థాయి బడులకు నెలకు 9 రూపాయల ప్రభుత్వ జీతం సూచించినప్పుడు కూడా, విద్యార్థుల నుంచి మరికొంత వస్తుందనే లెక్క వేసుకున్నాడు. అంటే సంస్కరణ ప్రతిపాదన సైతం పంతులు రాబడిని పిల్లల కుటుంబాల నుంచి పూర్తిగా విడదీయలేదు. స్థిరమైన జీతం లేనిచోట పండుగ దక్షిణ కేవలం మర్యాద కాదు, అవసరం. పిల్లలు ముంగిట నిలిచి పాడినప్పుడు, పంతులు నోరు తెరిచి అడగవలసిన పని తప్పేది. ఆయన గౌరవానికి భంగం కలగకుండా రాబడి సమకూర్చిన ఏర్పాటు ఇది.

3. ఊరేగింపులో ఎవరున్నారు?

బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక ఇక్కడ ఉపకరిస్తుంది. నేటి అనంతపురం, ఆదోని ప్రాంతాలు నాడు ఆ జిల్లాలోనివే. జిల్లా జనాభా 9,27,857, బడులు 533, విద్యార్థులు 6,641 మంది. అంటే బడికి సగటున పన్నెండుగురు. ఆ బడులలో 226 తెలుగు బడులు. జిల్లా మొత్తం విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే. దసరా ఊరేగింపు బడిపిల్లల ఊరేగింపు కనుక, బడి గడప దాటలేకపోయినవారికి ఆ పద్యాలూ లేవు, విల్లంబులూ లేవు. ఊరంతటి పండుగగా స్మృతులలో నిలిచినది నిజానికి ఊరిలోని కొద్ది ఇళ్ల పిల్లల పండుగ. ఈ పరిమితిని విస్మరించి దానిని సమష్టి సంస్కృతికి నిదర్శనంగా చూపడం చారిత్రక దృష్టి అనిపించుకోదు.

4. బాలానందం: మారిన కేంద్రం

ఇరవయ్యో శతాబ్దిలో ఈ చిత్రం మారింది. ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’లుగా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు, 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించారు. బడి వేళలకు వెలుపల పిల్లలు పాడారు, నటించారు, కథలు చెప్పారు. వీధిబడి పిల్లలూ పాడినవారే. తేడా ప్రయోజనంలో ఉంది. అక్కడ పాట గురుదక్షిణకు సాధనం; ఇక్కడ పిల్లల ఆనందమే లక్ష్యం. ఉపాధ్యాయుని భృతి నెలజీతంగా స్థిరపడుతూ వచ్చిన కాలంలోనే బాలల తీరిక ఆ బాధ్యత నుంచి విడివడగలిగిందని భావించవచ్చు.

5. ముగింపు

దసరా పద్యాలను జానపద సాహిత్యంగా సేకరించడం అవసరమే. వాటిని ఒక వేతన పద్ధతికి సాక్ష్యంగా చదవడం అంతే అవసరం. ఆ పఠనం ఉపాధ్యాయుని పేదరికాన్నీ, పిల్లల శ్రమనూ, బడికి రాని వారి మౌనాన్నీ ఏకకాలంలో చూపుతుంది. నేడు శాఖా గ్రంథాలయాలలోనూ, పాఠశాలలలోనూ జరిగే వేసవి శిబిరాలను అధ్యయనం చేసే పరిశోధకులకు కూడా ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి: నేర్పేవారికి భృతి ఎక్కడి నుంచి వస్తున్నది? ఏ ఇంటి పిల్లలు వస్తున్నారు? రానివారు ఎవరు? సెలవుల చరిత్రను పిల్లల పక్షాన రాయాలంటే ఈ మూడింటికీ సమాధానం వెదకవలసిందే.