వంగే నడుము – నిలబెట్టే కసరత్తు

ముప్పై, ముప్పై అయిదేళ్ళు కుర్చీలో కూర్చొని, ఫైళ్ళ మీద వంగి పనిచేసిన వాళ్ళం మనం. ఉద్యోగ విరమణ కాగానే పెన్షను చేతికి వస్తుంది గానీ, వంగిన నడుము దానంతట అది నిటారు కాదు. చాప మీద కూర్చుంటే లేవడానికి మనిషి సాయం కావాలి. “వయసు మీద పడింది, ఇంతే” అని సరిపెట్టుకుంటాం. ఈ మాట ఎంతవరకు నిజమో కసరత్తుల చరిత్ర చూస్తే తెలుస్తుంది.

మన ఊళ్ళలో పూర్వం కసరత్తు అంటే తాలింఖానా, సాముగరిడి. వీరఘట్టంలో పుట్టిన మల్లవీరుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు తెలియని తెలుగువారు మన తరంలో లేరు. అక్కడి ముఖ్యమైన కసరత్తులు రెండు: దండీలు, బస్కీలు. దండీ తీసేటప్పుడు చేతులే కాదు, ఒళ్ళు వాలిపోకుండా నిలిపే పొట్ట, నడుము కండరాలు కూడా పనిచేస్తాయి. బస్కీ అంటే కూర్చొని లేవడమే. అయితే ఇవి పహిల్వాన్ల పని అనుకొని సామాన్యులు దూరంగా ఉండేవారు.

ఆ దూరాన్ని తగ్గించిన వారిలో మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధిపతి భవన్‌రావు పంత్ ప్రతినిధి ఒకరు. ఆయన సూర్యనమస్కారాలను తన సంస్థానంలోని బడుల్లో ప్రవేశపెట్టి, 1928లో వాటిపై ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించారు. ముందుకు వంగడం, వెనక్కు వాలడం, చేతుల మీద ఒంటి బరువు నిలపడం అన్నీ ఒకే వరుసలో వస్తాయి గనుక, ఒళ్ళు సాగడమూ బలం రావడమూ కలిసి జరుగుతాయి.

దాదాపు అదే కాలంలో, 1883లో జర్మనీలో పుట్టి చిన్నతనంలో రోగిష్టిగా పెరిగిన జోసెఫ్ పిలాటిస్ న్యూయార్కులో వ్యాయామశాల తెరిచాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషు నిర్బంధ శిబిరంలో ఉండగా తన పద్ధతికి మెరుగులు దిద్దుకొన్నాడు. నడుము, పొట్ట అదుపులో ఉంటే కాళ్ళూ చేతులూ తేలికగా కదులుతాయన్నది అతని సిద్ధాంతం.

ఆ మాటకు ప్రయోగశాల ఆధారం 1996లో దొరికింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు హాడ్జెస్, రిచర్డ్‌సన్ చెయ్యి ఎత్తేటప్పుడు ఏ కండరం ముందు పనిచేస్తుందో కొలిచారు. ఆరోగ్యవంతుల్లో చెయ్యి కదలక ముందే పొట్ట చుట్టూ నడికట్టులా ఉండే లోపలి కండరం బిగుసుకొంది. నడుము నొప్పితో బాధపడే వారిలో అది ఆలస్యమైంది. నేడు ‘కోర్’ వ్యాయామాలు అంటున్నవి ఈ నడికట్టునూ దాని చుట్టుపక్కల కండరాలనూ బలపరిచేవే.

మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది 1990లో వెలువడిన బోస్టన్ పరిశోధన. మరియా ఫియటరోన్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలోని పదిమందిని ఎంచుకొన్నారు. వారి సగటు వయసు 90. ఎనిమిది వారాలు తొడ కండరాలకు బరువులతో కసరత్తు చేయించారు. పూర్తిచేసినవారు తొమ్మండుగురు. వారి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర లేకుండా నడిచారు. అయితే మానేసిన నాలుగు వారాలకే వారి బలం 32 శాతం పడిపోయింది. కసరత్తు సర్వీసుకు పెన్షను లేదు. రోజూ హాజరు పట్టీలో సంతకం పెట్టవలసిందే!

ఈ చరిత్రలో తేలేది ఒకటే. సాగదీయడం వేరు, బలం వేరు. ఒకటి రెండోదానికి పూర్తి ప్రత్యామ్నాయం కాదు. సాగదీస్తే కీలు మరికాస్త దూరం తిరుగుతుంది. అందులో చాలా భాగం కండరం పొడవు పెరగడం వల్ల కాదు, ఆ లాగుడును ఓర్చుకొనే అలవాటు వల్ల వస్తుంది. ఆ దూరంలో ఒంటిని నిలిపేది బలం. రెండూ కలిస్తే పని తేలికవుతుంది. తొడలు బలహీనమైతే కుర్చీలోంచి లేవడానికే ఉన్న శక్తి అంతా ఖర్చవుతుంది. బలపడితే అదే పనికి కొద్ది భాగం చాలు, మిగతాది నడకకు మిగులుతుంది.

65 ఏళ్ళు దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు బలానికి, తూకానికి సంబంధించిన వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మనకు దండీలు అక్కర లేదు. గోడకు చేతులు ఆనించి ఒళ్ళు వాల్చి లేవడం, చేతుల ఊత లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకొని పిక్కలు సాగదీయడం చాలు. ఊపిరి బిగబట్టకూడదు. రక్తపోటు, గుండెజబ్బు, ఎముకల గుల్లతనం ఉన్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

తొంభై ఏళ్ళవారికి సాధ్యమైనది డెబ్బై ఏళ్ళ మనకు అసాధ్యం కాదు. మనవడి చెయ్యి ఆశీర్వదించడానికి పట్టుకొందాం గానీ, లేవడానికి కాదు.