చీపురుకు దక్కని పద్దు

గ్రామ పారిశుద్ధ్యం గురించి మనం చదివే చరిత్ర సాధారణంగా ఒకే దారిలో సాగుతుంది. పూర్వం ఊళ్లు తమను తామే చక్కగా పాలించుకునేవి. వలస పాలన ఆ ఏర్పాటును చెరిపేసింది. 1959లోనూ, 1993లోనూ పంచాయతీరాజ్ పేరిట అది మళ్లీ ప్రాణం పోసుకుంది. అయినా వీధిలో చెత్త కుప్ప కనిపిస్తోందంటే జనంలో చైతన్యం లేకపోవడమే కారణం. ఈ కథనం పలచనైనది. ఊరు ఊడ్చిన మనుషులు ఇందులో ఎక్కడా లేరు. పంచాయతీకి డబ్బు ఏ రూపంలో వచ్చిందన్న ప్రశ్న కూడా లేదు. ఈ రెంటినీ కలిపి చూస్తే తప్ప, కొత్త పంచాయతీ భవనం లేచిన ఊళ్లోనే చెత్త బండి చివరి వీధి దాకా ఎందుకు వెళ్లదో బోధపడదు.

తొలి దశల మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. తమిళ నేలపై ఉత్తరమేరూరులో 920 ప్రాంతపు చోళ శాసనాలు చెరువులకు, తోటలకు వేర్వేరు సంఘాలు ఉండేవని చెబుతాయి. వాటికి ఎంపిక కావాలంటే పన్ను కట్టే భూమి, సొంత ఇల్లు, వేద పరిజ్ఞానం ఉండాలనీ అవే శాసనాలు చెబుతాయి. అంటే అందులో అందరికీ చోటు లేదు. 1830లో బ్రిటిష్ అధికారి మెట్‌కాఫ్ మన ఊళ్లను చిన్న చిన్న గణతంత్రాలుగా వర్ణించాడు. ఆ వర్ణన నచ్చి తర్వాతి తరాలు దాన్నే చరిత్రగా తీసుకున్నాయి. తెలుగు ఊళ్లలో వీధులు ఊడ్చే పని, చచ్చిన పశువును ఈడ్చే పని మాల మాదిగ కుటుంబాల మీద పుట్టుకతో వచ్చిన బాధ్యతగా ఉండేది. ప్రతిఫలం కళ్లం దగ్గర కొలిచే గింజలో, కొద్దిపాటి మాన్యమో. తెలంగాణలో చాలాచోట్ల అది కేవలం వెట్టి. కూలి డబ్బుగా ఇవ్వలేదు కాబట్టి పారిశుద్ధ్యానికి ఎంత ఖర్చవుతుందో ఊరికి ఎన్నడూ లెక్క తెలియలేదు. తర్వాతి కథంతా ఈ లెక్కలేనితనం మీదే నిలబడింది.

స్థానిక స్వపరిపాలనపై వైస్రాయ్ రిపన్ 1882లో చేసిన తీర్మానం వెంట 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. దాని కింద పెద్ద ఊళ్లు యూనియన్లయ్యాయి. వీధి దీపాలు, రోడ్లు, శుభ్రత కోసం ఇంటి పన్ను వేసే అధికారం వాటికి దక్కింది. 1920, 1950 నాటి మద్రాసు చట్టాలూ, హైదరాబాదు రాజ్యంలో 1940ల నుంచి వచ్చిన పంచాయతీ చట్టాలూ ఇదే దారిని కొనసాగించాయి. ఈ రెండు సంప్రదాయాలూ 1964 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టంలో ఒకటయ్యాయి. ఆ తర్వాతి 1994 పంచాయతీరాజ్ చట్టంలోని 45వ సెక్షన్ పంచాయతీ తప్పనిసరి విధులను చెబుతుంది. భవనాల మరమ్మతు, రోడ్లు, దీపాలు, మురుగు కాలువలు, వీధులు ఊడ్చడం, చెత్త కుప్పలు ఎత్తించడం, నాగజెముడు నరికించడం అన్నీ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. చట్టం దృష్టిలో భవనం ఎంతో, చీపురూ అంతే. ఆచరణలో ఈ రెండూ విడిపోయాయి. ఆ విడిపోవడం ఎప్పుడు, ఎందుకు జరిగిందన్నదే అసలు ప్రశ్న.

చాలామంది దీన్ని సర్పంచుల చిత్తశుద్ధికి ముడిపెడతారు. కాంట్రాక్టుల మీద మోజుతో కట్టడాల వెంట పడ్డారంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ నాకు కనిపించే బలమైన కారణం వేరు. 1980 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి పథకం మొదలుకొని ఊళ్లోకి వచ్చిన పెద్ద మొత్తాలన్నీ శాశ్వత ఆస్తులు సృష్టించాలన్న షరతుతోనే వచ్చాయి. 1989లో జవహర్ రోజ్‌గార్ యోజన నేరుగా పంచాయతీల చేతికి సొమ్ము ఇచ్చింది. బడి గదులు, పంచాయతీ ఆఫీసులు, కమ్యూనిటీ హాళ్లు అప్పుడే ఊరూరా లేచాయి. 2006లో మొదలైన ఉపాధి హామీలో కూలికి 60, సామగ్రికి 40 శాతం అన్న నిష్పత్తి పెట్టారు. ఆ సామగ్రి వాటాతోనే ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాల భవనాలు కట్టారు. గోడ కడితే కొలతల పుస్తకంలో (ఎం బుక్) కొలత పడుతుంది, బిల్లు వస్తుంది. తెల్లవారుజామున ఊడ్చిన వీధి సాయంత్రానికి మళ్లీ మామూలే. దానికి కొలత లేదు, బిల్లూ లేదు. రోజువారీ ఊడ్పుకు మిగిలింది ఇంటి పన్ను, కొలగారం (ఊళ్లో కొలిచి అమ్మే సరుకు మీద పన్ను) వంటి సొంత ఆదాయమే. మేజర్ పంచాయతీలు దానితో సిబ్బందిని పెట్టుకోగలిగాయి. మైనర్ పంచాయతీలకు ఆ స్తోమత లేకపోయింది.

ఈ వాదనకు ఎదురు నిలిచే ఆధారాలూ ఉన్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి పంచాయతీ గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. కాబట్టి చెత్త పనికి డబ్బే రాలేదనలేం. అయితే మిగిలిన స్వేచ్ఛా భాగాన్ని జీతాలకు, సిబ్బంది ఖర్చులకు వాడరాదంది. స్వచ్ఛ భారత్ రెండో దశ లెక్క మరీ స్పష్టంగా ఉంటుంది. 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి ఘన వ్యర్థాల పనికి తలకు 60 రూపాయల దాకా ఇవ్వాలని నిర్ణయించారు. 2,000 మంది ఉన్న ఊరికి అది 1,20,000 రూపాయలు. అదీ ఒక్కసారే. తెలంగాణలో పారిశుద్ధ్య కార్మికుడికి 2019లో నిర్ణయించిన నెల జీతం 8,500 చొప్పున ఒక్క మనిషికే ఏడాదికి 1,02,000 అవుతుంది. షెడ్డు కట్టడానికి సరిపోయే మొత్తం ఇద్దరు మనుషుల ఏడాది జీతానికి చాలదు. తెలంగాణలోని గంగదేవిపల్లి వంటి ఊళ్లు ఇంటి పన్ను పూర్తిగా వసూలు చేసి, కమిటీలు వేసుకుని దారి చూపాయన్నదీ నిజమే. దశాబ్దాల ఊరుమ్మడి కృషితో వచ్చిన ఆ ఫలితాన్ని ప్రతి ఊరికీ కొలబద్దగా పెట్టి, అందుకోలేనివారిని చైతన్యం లేనివారనడం న్యాయం కాదు.

ఇక వర్తమానం. 2019లో మొదలైన పల్లె ప్రగతి తెలంగాణలో ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, ట్రాలీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశాన వాటిక) తెచ్చింది. ఇది చిన్న మార్పు కాదు, మెచ్చుకోవాల్సిందే. అయితే ట్రాక్టరు వాయిదాలు, డీజిలు పంచాయతీ మీదే పడ్డాయి. మల్టీపర్పస్ విధానం పేరిట ఊడ్చే మనిషే ట్రాక్టరు నడపాలి, కరెంటు స్తంభమూ ఎక్కాలి. 2023 జూలైలో మొదలుపెట్టి ఆ కార్మికులు నెల రోజులకు పైగా సమ్మె చేసినప్పుడు ఊళ్లు ఎవరి మీద నిలబడ్డాయో అందరికీ తెలిసింది. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు తీరాక ఎన్నికలు ఆలస్యమై, కేంద్ర గ్రాంటు ఆగి, పారిశుద్ధ్యమే ముందు దెబ్బతింది.

ఆంధ్రప్రదేశ్‌లో చెత్త నుంచి సంపద కేంద్రాలు వేలల్లో కట్టారు. వాటిలో చాలావాటికి నడిపే చేతులు కరువయ్యాయి. 2021లో స్వచ్ఛ సంకల్పం కింద ఊళ్లలో ఇంటికి రోజుకు 2 రూపాయలు అడిగారు. 500 ఇళ్లు కడితే నెలకు 30,000. ముగ్గురికి కూలి దొరికేదే. కానీ గుడిసెకూ, మేడకూ, కిరాణా కొట్టుకూ ఒకే రేటు పెట్టి, బండి రాని వీధినీ అడిగితే కట్టబోమని జనం అనడంలో తప్పేముంది? అంతకు కొద్దికాలం ముందే పంచాయతీ భవనాల గోడలకు నాటి అధికార పార్టీ రంగులు వేయించారు. వాటిని తొలగించాలని 2020లో హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. రంగు వేయడానికీ తీయడానికీ డబ్బు దొరికింది. ఊడ్చేవారి బకాయికి దొరకలేదు.

భవనాలు దండగని నేననడం లేదు. 2018 చట్టంతో తెలంగాణలో పంచాయతీలు 12,751 అయ్యాయి. వాటిలో ఎన్నో తండాలు తొలిసారి పంచాయతీ అయ్యాయి. బడి గదిలోనో, అద్దె ఇంట్లోనో సమావేశం జరుపుకునే తండాకు సొంత కప్పు కావాలి, అది వారి హక్కు. అభ్యంతరం వరుస మీదే. ఎస్సీ కాలనీకి బండి వారానికి ఒకసారి, బజారుకు రోజూ వెళ్తున్న ఊళ్లో ప్రహరీ గోడకు ముందు నిధులు కేటాయించడం అన్యాయం. డంపింగ్ యార్డు ఎప్పుడూ ఆ కాలనీ పక్కకే చేరడం అంతకన్నా పెద్ద అన్యాయం.

కాబట్టి గ్రామసభలో బడ్జెట్ చదివేటప్పుడు మొదటి పద్దు పారిశుద్ధ్య కార్మికుల ఏడాది జీతం కావాలి. ఆ మొత్తం పక్కన పెట్టాకే భవనం పనులు చర్చకు రావాలి. ఏ వీధికి వారానికి ఎన్నిసార్లు బండి వెళ్తుందో పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి. రుసుము ఇంటి స్థాయిని బట్టి, దుకాణాలకూ ఫంక్షన్ హాళ్లకూ ఎక్కువగా ఉండాలి. ఆర్థిక సంఘాలు కూడా ఊడ్చే చేతుల జీతాన్ని ఇకనైనా సిబ్బంది ఖర్చు అని పక్కకు నెట్టకుండా సేవగానే గుర్తించాలి. తరతరాలు గింజలకూ వెట్టికీ చేయించుకున్న పనికి ఊరు బాకీ ఉంది. ఆ బాకీ తీర్చని పంచాయతీ ఎంత పెద్ద భవనంలో కూర్చున్నా స్వపరిపాలన అనిపించుకోదు.