ఓడపలకలును మేకులును

ఓడకు డెక్కు పరచునపుడు ఇనుపమేకు కొట్టవచ్చునా, కూడదా అను వివాదము మన వడ్రంగులకును కమ్మరులకును నేటిది కాదు. భోజరాజకృతమని ప్రసిద్ధిగన్న యుక్తికల్పతరువు, సముద్రనౌకల పలకలను ఇనుముతో కూర్పరాదనియు, జలమందలి అయస్కాంతశిలలు ఆ ఇనుమును లాగి చేటు తెచ్చుననియు చెప్పుచున్నది. ఉపాధ్యాయుడనై యున్న కాలమున ఈ వాక్యమును పూర్వుల విజ్ఞానమునకు నిదర్శనముగా నెన్నియో యేండ్లు శిష్యులకు బోధించితిని. పిమ్మట కోరంగి చెంతనున్న తాళ్ళరేవున నొక వృద్ధ వడ్రంగి నా మాట విని, "అయ్యవారూ, ఏ కొయ్యకు ఇనుము కూడదన్నారు?" అని యడిగెను. నాయొద్ద ఉత్తరము లేకపోయెను.

అయస్కాంతశిలల మాట కట్టుకథయే. మేకులు లేని ఓడలు మాత్రము నిజము. 9వ శతాబ్దమున ఇండోనేషియాలోని బెలిటుంగ్ దీవి చెంత మునిగి, 1998లో బయల్పడిన ఓడ పలకలు త్రాళ్ళతో కుట్టబడినవే. చెన్నపట్టణపు తీరమున మసూలా పడవలను కొబ్బరిపీచు త్రాళ్ళతో కుట్టెడివారు. కెరటము విరిగి పడవను ఇసుకపై నెత్తివైచునపుడు మేకు బిగించిన పలక చీలును. కుట్టిన పలక వంగి కోలుకొనును. శాస్త్రకారుడు హేతువును తప్పినను, వాడుక నెరిగియే వ్రాసెనని నా తలంపు.

ఇక కొయ్య మాట. ఓకు కొయ్యలోని వగరు ఆమ్లము ఇనుమును తినివేయును. టేకులోని తైలము దానిని కాపాడును. బొంబాయిలో టేకుతో కట్టబడి 1817లో నీట దిగిన ట్రింకోమలీ అను యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవున నేటికిని తేలుచున్నది.

పొరుగు లోహమును గూడ చూడవలయును. 1761లో ఆంగ్లేయులు అలారం అను నౌక అడుగున రాగిరేకులు తొడిగిరి. 1763లో పరీక్షింపగా రాగిని తాకిన ఇనుపమేకులు చివికిపోయియుండెను; నడుమ కాగితము నిలిచినచోటి మేకులు చెడలేదు! ఉప్పునీట రాగియు ఇనుమును తాకియున్నచో ఇనుమే క్షయించును. అందుచేతనే తరువాత రాగి కలిసిన లోహపు చీలలు వాడుకకు వచ్చినవి.

డెక్కు పలకకు ముందుగా బరమాతో మేకుకంటె సన్నని బెజ్జము వేయవలయును. లేనిచో అంచు చీలును. పైన వెడల్పుగా గుంట తొలిచి, మేకు తలను పలకలోనికి దింపి, ఆ కొయ్యతోనే చేసిన బిరడాను దిగగొట్టి, ఉలితో చదును చేయుదురు. బిరడా నార పలక నార వెంబడియే యుండవలయును. అడ్డముగ నున్న బిరడా ఎండవానలకు వేరుగా ఉబ్బి ఊడును, గుంటలో నీరు చేరును. నేడు తుప్పుపట్టని ఉక్కు మరలు వచ్చినవి గదా యందురు. గాలి సోకని తడిచోట అవియు చెడును.

ఆ వృద్ధుడు పాతపడవ టేకుపలకనుండి పెరికిన మేకునొకటి నాకిచ్చెను. తల తుప్పు తినియున్నది. కొయ్యలో దాగిన భాగము నల్లగా, గట్టిగా నున్నది. దానిని యుక్తికల్పతరువు ప్రక్కనే యుంచుకొంటిని.